పంచరు కొట్టుకు ప్రచారం

రాళ్ళపేట మునిసిపల్ కమిషనరు గారు పట్నంలో శిక్షణకు పోయి వచ్చారు. పోయేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు ఒక మాట పట్టుకొచ్చారు. "ఆన్‌లైన్‌లో కనిపించనిది లోకంలో లేనట్టే." ఆ మాటను ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాయించారు. ఆ గోడకే మంచినీళ్ళ కుళాయి ఉంది. దాంట్లో నీళ్ళు కనిపించి చాలా కాలమైంది. అది మాత్రం లోకంలో ఉన్నట్టే లెక్క.

గోడ ఆరకముందే ఉత్తర్వు వచ్చింది. మునిసిపాలిటీ స్థలంలో బంకు పెట్టుకున్న ప్రతి చిన్న వ్యాపారీ ఆన్‌లైన్‌లో ఎక్కడ ప్రచారం చేసుకోవాలో శాస్త్రీయంగా ఎంచుకోవాలి. ఆ ప్రచారం వల్ల జనం వచ్చారని దసరా లోపల రుజువు చూపాలి. చూపలేని వాడి బంకు ఎత్తేసి ఆ జాగా చూపగలిగిన వాడికిస్తారు. దీనికోసం ప్రచార వేదికల ఎంపిక విభాగం అని ఒకటి పుట్టింది. పుట్టిన దానికి గది కావాలి గనుక, జనన మరణాల గుమాస్తాను మెట్ల కిందికి పంపించారు. ఆ రోజు నుంచి రాళ్ళపేటలో పుట్టాలన్నా పోవాలన్నా నడుం వంచాల్సిందే.

బైపాసు మలుపు దగ్గర దస్తగిరి పంచరు కొట్టు ఉంది. రేకుల బంకు, ముందర నీళ్ళ తొట్టి, గాలి మిషను, కర్రకు వేలాడగట్టిన పాత లారీ టైరు. టైరు వేలాడుతుంటే అక్కడ పంచరు వేస్తారని దేశంలో చదువు లేనివాడికి కూడా తెలుసు. పక్క బంకు ఏసురత్నానిది. శవపెట్టెలు చేస్తాడు. ఇద్దరికీ బేరాలు లేనప్పుడు ఒకే బీడీ, ఇద్దరికీ బేరాలున్నప్పుడు ఒకే సుత్తి.

దస్తగిరికి ఒక అలవాటుంది. పొద్దున్నే బంకు తియ్యకముందు, పాత మైకుసెట్టు లోంచి పీకిన గుండ్రటి అయస్కాంతానికి తాడు కట్టి, వంతెన దగ్గర నుంచి బంకు దాకా రోడ్డు మీద మేకపిల్లను లాగినట్టు లాక్కుంటూ వస్తాడు. దానికి అంటుకున్న మేకులూ ముళ్ళూ డబ్బాలో వేసి మూతేస్తాడు. పడుచువాడుగా ఉన్నప్పుడు ఎవడో తాగినవాడు నలుగురిలో అన్నాడు, పంచరోళ్ళే రాత్రిపూట మేకులు జల్లుతారని. ఆ మాట దస్తగిరికి ఎముకలోకి దిగింది. మర్నాడే అయస్కాంతం సంపాదించాడు. రంజాన్‌లో ఉపవాసం ఉండి కూడా ఆ పని మానలేదు. అతనికి ఆస్తి అంటే ఆ బంకు జాగా, ఆ పేరు. రెండే.

ఉత్తర్వు పట్టుకుని దస్తగిరి విభాగానికి పోయాడు. కుర్చీలో శేషఫణి గారున్నారు. ప్రచార వేదికల ఎంపికాధికారి. అంతకుముందు కుక్కల లైసెన్సులు చూసేవారు.

"ఏమయ్యా, నీ వ్యాపారానికి ప్రస్తుతం ప్రచారం ఏ మాధ్యమంలో జరుగుతున్నది?"

"టైరు వేలాడతా ఉంది సార్."

"అది భౌతిక ప్రచారం. దానిని ఈ కార్యాలయం గుర్తించదు. నీ వినియోగదారుడు నీ వద్దకు రావడానికి పూర్వం ఎక్కడ ఉంటాడు?"

"బండి మీద సార్."

"ఆ సమయంలో అతడు ఫోను చూచునా?"

దస్తగిరి ఆలోచించాడు. "చూస్తే నా దగ్గరికి రాడు సార్. మా ఏసురత్నం దగ్గరికి పోతాడు."

శేషఫణి గారు ఆ మాటను గంభీరంగా విన్నారు. "అయినచో ఎంపిక సంఘం కూర్చోవలెను" అన్నారు.

సంఘం కూర్చుంది. కాఫీ వచ్చింది, సమోసాలు వచ్చాయి. దస్తగిరిని తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు, లబ్ధిదారుడు కనుక. గోడ మీద తెర, తెర మీద వలయాలు. వంటల వీడియోల పక్కన వెయ్యాలా, సినిమా పాటల ముందు వెయ్యాలా, పాత సామాన్లమ్మే చోట వెయ్యాలా అని చర్చ. చివర్లో కూర్చున్న చిన్న గుమాస్తా ఒకడు నోరు జారాడు. "పంచరు పడినవాడు ఫోనులో మ్యాపు తెరిచి దగ్గర్లో కొట్టు ఎక్కడుందని చూస్తాడు కదండీ. అక్కడ పెడితే?"

గదిలో సమోసా నమిలే చప్పుడు కూడా ఆగింది. శేషఫణి గారు జాలిగా చూశారు.

"మ్యాపులో వెతుకువాడు ఎవడు? ఇప్పటికే అవసరంలో ఉన్నవాడు. అవసరంలో ఉన్నవాడు ఎటూ వచ్చును. ఎటూ వచ్చువానిపై ప్రచారం ఖర్చు చేయుట ప్రజాధన దుర్వినియోగం. ప్రచారమనునది అవసరం లేనివానికి చేరవలెను. మార్గదర్శకాలలో స్పష్టముగా ఉన్నది."

ఆ సూత్రం ఒప్పుకున్నాక దారి సులువైంది. పంచరు అవసరమే లేనివాళ్ళు ఎవరు? బండి లేనివాళ్ళు. బండి లేనివాళ్ళలో రేపో మాపో బండి కొనేవాళ్ళెవరు? పెళ్ళి కావలసినవాళ్ళు. వాళ్ళంతా ఒక్కచోట ఎక్కడ దొరుకుతారు? పెళ్ళిసంబంధాల సైటులో. తీర్మానం ఏకగ్రీవం. మ్యాపులో దస్తగిరి కొట్టు ఉంటే తీసేయించమని కూడా రాశారు. సంఘం ఎంచిన వేదికకు అది పోటీ అవుతుందట.

ఫోటో తీయించారు. దస్తగిరి మెడలో స్కూటరు టైరు వేసి, చేతికి గాలి పైపు ఇచ్చి నవ్వమన్నారు. దస్తగిరి నవ్వి ఎరగడు. వచ్చిన మటుకు వచ్చింది. ఆ సైటులో వ్యాపార ప్రకటనలకు చోటు లేదు గనుక వరుడి కింద ఎక్కించారు. వృత్తి పంచర్లు, స్వభావం నెమ్మది. దానికోసం సర్కారు ఫోనొకటి ఇచ్చారు. వేలాడే టైరు మాత్రం ఆ సాయంత్రమే దింపించారు. గుర్తించని మాధ్యమం కనుక.

రెండో రోజుకి ఆ ఫోటో ఊరంతా తిరిగి దస్తగిరి భార్య కాశింబి దగ్గరికొచ్చింది. ఆమె అన్నం వడ్డిస్తా ఉండి గరిటె పైకెత్తి ఆపింది.

"మనవరాలికి సంబంధాలు చూడమంటే నువ్వు చూసుకుంటున్నావా?"

"ఆఫీసోళ్ళు పెట్టారు."

"పెట్టేదానికి వాళ్ళకు సిగ్గు లేకపోతే, టైరు మెళ్ళో ఏసుకునేదానికి నీకన్నా ఉండొద్దా? పెళ్ళినాడు దండ ఏసుకోమంటే మెడ దురద అన్నావు."

"బంకు పోద్దంట మే" అన్నాడు దస్తగిరి.

కాశింబి గరిటె దించింది. ఫోను మాత్రం లాక్కుని కొంగున ముడేసింది. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. ఎవరైనా 'ఆసక్తి' అని నొక్కితే ఆ ఫోను టింగుమనేది. 'సమ్మతమా, కాదా' అని అడిగేది. రెండు వైపులా సమ్మతం అయితేనే నంబరు బయటపడుతుందట. కాశింబి టింగుమన్నప్పుడల్లా చూడకుండానే 'కాదు' నొక్కేది. ఈగను తోలినంత తేలిక.

నెల తిరిగింది. శేషఫణి గారు తెర వేసి చూపించారు. వేలమంది చూశారు. కొందరు ఆసక్తి కూడా చూపారు. బంకు దగ్గరికి ఒక్కడూ రాలేదు. టైరు లేక పాత బేరాలు కూడా ముందుకు సాగిపోతున్నాయి. "ఇక్కడ పంచరు కొట్టు ఉండేదే" అని దస్తగిరినే అడిగి పోయినవాళ్ళున్నారు.

"చూపు ఉన్నది, రాక లేదు" అన్నారు శేషఫణి గారు. "కారణం అన్వేషించవలెను."

అన్వేషించడానికి ఒక తెల్లవారుజామున జీపులో వచ్చారు. దస్తగిరి అయస్కాంతం లాక్కుంటా ఎదురొచ్చాడు. శేషఫణి గారు జీపు దిగి, దానికి అంటుకున్న మేకుల్ని వంగి చూసి, నిటారుగా లేచారు. నేరస్థుడు దొరికినప్పుడు ఉండే శాంతి ఆయన ముఖంలో ఉంది.

"నీ ప్రచార ఫలితాన్ని నీవే ప్రతి ఉదయం ఏరివేయుచున్నావు."

"రోడ్డు మీద మేకులు సార్ ఇవి."

"అవి మేకులు కావయ్యా. రానున్న వినియోగదారులు."

అయస్కాంతాన్ని జప్తు చేశారు. స్టోర్సు గదిలో పెట్టి, అక్కడి వస్తువులన్నిటికీ పూసినట్టే దానికీ ఆకుపచ్చ రంగు పూశారు. రాళ్ళపేటలో ఆ రంగు అందరికీ తెలుసు. చెత్తబండి, నిచ్చెన, శ్మశానంలో బెంచీ, అన్నీ అదే ఆకుపచ్చ. స్టోర్సులోకి పోయినది ఏదైనా ఆ రంగుతోనే బయటికొస్తుంది.

అయస్కాంతం పోయినా రాకలు పెరగలేదు. కారణం, అప్పుడే వేసిన తారు రోడ్డు. శేషఫణి గారు రోడ్ల ఇంజనీరు కోటిరత్నం గారిని పిలిపించారు. ప్రచారానికి అనుకూలమైన రహదారి కావాలన్నారు.

ఆమె నిక్కచ్చి మనిషి. "గుంత మా శాఖ పరిధిలోనిది. ఏర్పడుటకు అనుమతించగలము. కాలక్రమేణా అదే ఏర్పడును కూడా. మేకు మాత్రం మా శాఖది కాదు."

"మరి మేకు ఎవరిది?"

ఫైలు తిరిగింది. మేకు ఇనుము గనుక విద్యుత్తు వారికి పోయింది. కరెంటు లేదు గనుక వాళ్ళు తిప్పి పంపారు. రోడ్డు మీద పడేది గనుక పారిశుద్ధ్యానికి పోయింది. వాళ్ళు, పడినదాన్ని ఎత్తడమే తప్ప పడెయ్యడం తమ విధుల్లో లేదన్నారు. కమిషనరు గారు రెండూ కలిపి తీర్పు చెప్పారు. ఊడ్చే మనిషి ముందు ఊడ్చుకుంటూ పోవాలి. వెనకాల ఇంకో మనిషి జల్లుకుంటూ పోవాలి. మేకులు స్టోర్సు వారివ్వాలి. జనం భద్రత దృష్ట్యా హెచ్చరిక బోర్డు పెడదామా అని ఒకరు అడిగారు. బోర్డు భౌతిక మాధ్యమం గనుక వీలుకాదన్నారు.

ఈ సంగతి చెవినపడి దస్తగిరి ఆఫీసుకు పరుగెత్తాడు. జీవితంలో మొదటిసారి ఎక్కువ మాట్లాడాడు.

"సార్, ఆ పని చెయ్యొద్దు సార్. జనం నేనే జల్లానంటారు. బంకు పోతే ఇంకోచోట రేకు కప్పుకుంటా. ఆ మాట పడితే మాత్రం ఎక్కడ కప్పుకున్నా నిలవదు."

"నీవు జల్లుటకు నిబంధనలు అంగీకరించవు" అన్నారు శేషఫణి గారు ఊరడిస్తూ. "లబ్ధిదారుడు మేకును తాకరాదు. నీ పేరుకు వచ్చిన భయమేమీ లేదు."

మర్నాటి నుంచి రాకలు మొదలయ్యాయి. స్కూటర్లు నెట్టుకుంటూ, ఆటోలు తోసుకుంటూ, చెమటలు కక్కుకుంటూ వచ్చారు. శేషఫణి గారి గుమాస్తా ఎదురుగా కుర్చీ వేసుకుని వచ్చినవాణ్ణల్లా రాసుకున్నాడు. ఎవర్నీ పెళ్ళిసంబంధాల సైటు చూసి వచ్చావా అని అడగలేదు. అడిగితే లెక్క తగ్గుతుంది.

ఆటో సుబ్బరాయుడు మూడు చక్రాల్లో రెండింటికి పంచర్లు వేయించుకుని పోయి, సాయంత్రం మిగిలిన చక్రంతో వచ్చాడు. తొట్టి పక్కన గొంతుక్కూర్చున్నాడు. నీళ్ళలో బుడగలు వస్తా ఉంటే అన్నాడు.

"ఇన్నేళ్ళు అయస్కాంతం లాగింది దీనికేనా అన్నా? నమ్మకం కుదిరిందాకా లాగి, ఇప్పుడు జల్లతన్నావా?"

దస్తగిరి చేతిలో ట్యూబు ఆగింది. "నేను కాదు సుబ్బరాయుడూ. మునిసిపాలిటీ వాళ్ళు."

"మునిసిపాలిటీ వాళ్ళు రోజూ ఒక పని చేస్తారా?" అన్నాడు సుబ్బరాయుడు. "అబద్ధమన్నా నమ్మేటట్టు చెప్పు."

దస్తగిరి ట్యూబును మళ్ళీ నీళ్ళలో ముంచాడు. ఏసురత్నాన్ని కూడా జనం వదల్లేదు. పెట్టెలకు కొట్టే మేకులు వీడిస్తే వాడు జల్లుతున్నాడని, ఇద్దరి మధ్యా వాటా ఉందని అన్నారు. మేకు గుచ్చుకుని వాడి దగ్గరికి, బండి జారి వీడి దగ్గరికి అని లెక్క కూడా కట్టారు. మసీదులో దస్తగిరి పక్కన నిలబడేవాళ్ళు ఒక జానెడు జరిగారు. అతను అన్నం సగంలో చెయ్యి కడుక్కోవడం మొదలుపెట్టాడు. కాశింబి ఫోను మాత్రం వదల్లేదు. కొంగు ముడి బిగించింది.

రాళ్ళపేట సాధించిన రాకలు చూసి పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. దాని వెనకే ఒక పెద్ద పరిశీలకుడు గారు కళ్ళారా చూడ్డానికి బయల్దేరారు. ఆయన ముందర రాకలు దండిగా ఉండాలని ఆ పొద్దున రెండు గంపలు అదనంగా జల్లించారు. ఆయన ఏ దారిన వస్తారో మాత్రం జల్లే విభాగానికి తెలియజేసే నిబంధన లేదు.

వంతెన దిగగానే మొదటి కారు కూర్చుంది. వెనకాల కమిషనరు గారి కారు కూర్చుంది. శేషఫణి గారి జీపు కాస్త ముందుకొచ్చి, సరిగ్గా దస్తగిరి బంకుకు ఎదురుగా, రోడ్డుకు అవతల, నాలుగు చక్రాలూ ఒకేసారి కూర్చుంది. అందరూ దిగి, నడిచొచ్చి జీపు దగ్గర ఎండలో నిలబడ్డారు. ఇవతల బంకులో దస్తగిరి, కాశింబి, పెట్టెల మీద ఏసురత్నం చూస్తున్నారు.

శేషఫణి గారు చెయ్యెత్తి, "సార్, అదే మన ఆదర్శ" అనబోయారు.

"వేలు దించండి" అన్నారు పరిశీలకుడు గారు. "మీరు వేలు చూపినచో అది భౌతిక ప్రచారం. అదృష్టవశాత్తు మేమే వినియోగదారులమైనాము. ఇంతకు మించిన పరీక్ష లేదు. ప్రచారమే మమ్మల్ని అక్కడికి చేర్చవలెను."

ఫోన్లు తీశారు. మ్యాపులో వెతికితే కొట్టు లేదు. సంఘం తీసేయించింది కదా. ఇక పెళ్ళిసంబంధాల సైటే దిక్కు. అందులోకి పోవాలంటే వధువు తరఫున చేరాలి. వధువు ఎవరు? కమిషనరు గారు నుదురు తుడుచుకుని, "సంస్థ పేరుతోనే చేర్చండి" అన్నారు. శేషఫణి గారు ఎండకు ఫోను కనపడక జేబురుమాలు కప్పుకుని నింపారు. వధువు పేరు రాళ్ళపేట పురపాలక సంఘం. వయసు అరవై. ఎత్తు రెండంతస్తులు. రంగు ఆకుపచ్చ. నింపి, 'ఆసక్తి' నొక్కారు.

ఇవతల కాశింబి కొంగులో టింగుమంది. తీసింది, అలవాటుగా 'కాదు' నొక్కింది.

మళ్ళీ టింగుమంది. మళ్ళీ 'కాదు'.

మూడోసారి ఆమెకు అనుమానం వచ్చి చదివింది. "ఏమయ్యో, అరవయ్యేళ్ళ మనిషి. వదలకుండా అడగతా ఉంది నిన్ను. రెండంతస్తులంట."

దస్తగిరి రోడ్డు అవతలికి చూశాడు. శేషఫణి గారు చేతులు జోడించి నిలబడి ఉన్నారు. "వాళ్ళే" అన్నాడు.

"వీళ్ళా?" కాశింబి చీర సర్దుకుని కూర్చుంది. "అయితే ఊరికే ఒప్పుకుంటామా? మనకేం తక్కువ. కట్నం అడుగుదాం." 'షరతులు' అన్న గడిలో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. మా అయస్కాంతం మాకు తెచ్చియ్యాలి. రోడ్డంతా లాగినాకే పంచర్లు.

అవతల గుసగుసలు అయ్యాయి. జప్తు వస్తువు ఫలితం రాకముందు వదలకూడదని శేషఫణి గారు. షరతు ప్రచార వేదిక ద్వారా వచ్చింది గనుక చెల్లుతుందని పరిశీలకుడు గారు. ఎండ పరిశీలకుడు గారి వైపే ఉంది. గుమాస్తా స్టోర్సుకు పోయి అయస్కాంతం తెచ్చాడు. చెప్పుల్లో రెండు మేకులు దిగినా పరుగెత్తే వచ్చాడు.

అప్పటికి ఊళ్ళో సగం మంది చేరారు. పెద్దవాళ్ళ కార్లు కూర్చోవడం చూసే భాగ్యం రోజూ రాదు. దస్తగిరి ఆకుపచ్చ అయస్కాంతానికి తాడు కట్టాడు. ఎవరివైపూ చూడకుండా వంతెన దాకా పోయి, అక్కడి నుంచి లాక్కుంటూ వచ్చాడు. అది ముళ్ళపందిలా ఉబ్బుతూ వచ్చింది. ఆటో సుబ్బరాయుడి ముందుకొచ్చి ఆగాడు. దులిపి అతని కాళ్ళ దగ్గర పోశాడు.

ఒక్కో మేకు తల మీద ఆకుపచ్చ చుక్క. టైరులో దిగినవాటికైతే అది రోడ్డుకు అరిగిపోయేది. స్టోర్సులోంచి వచ్చినది ఏదైనా ఆ రంగు లేకుండా రాదు.

సుబ్బరాయుడు వంగి ఒకటి తీసుకుని గోటితో గీకాడు. చెత్తబండి వైపు చూశాడు, మేకు వైపు చూశాడు.

"రోజూ చేశారే అన్నా" అన్నాడు చివరికి. "మునిసిపాలిటీ వాళ్ళు, రోజూ."

దస్తగిరి తాడు చుట్టి పెట్టాడు. అప్పుడు తొట్టిలో నీళ్ళు మార్చి, "ఏదీ, ఆ మొదటి చక్రం" అన్నాడు.

పరిశీలకుడు గారి నివేదిక వారంలో వచ్చింది. ప్రచారం చూచిన అధికారులలో నూటికి నూరుమంది వినియోగదారులైనారు, ఇటువంటి ఫలితం ఇంతవరకు ఎక్కడా లేదు అని. దస్తగిరి బంకు అతనికే ఉంచారు. ఆ సాయంత్రం పాత లారీ టైరు మళ్ళీ కర్రకెక్కింది. దాన్ని ఎవరూ దింపలేదు. శేషఫణి గారికి పదోన్నతి వచ్చి, ఆ పనిలో తీరిక లేదు.

దస్తగిరి మళ్ళీ పొద్దున్నే రోడ్డు మీద అయస్కాంతం లాక్కుంటున్నాడు. మసీదులో పక్కవాళ్ళు ఆ జానెడు దగ్గరికి జరిగారు. అన్నం పూర్తిగా తింటున్నాడు.

ఒకరోజు పొద్దున, వంతెన దగ్గర ఏసురత్నం కాచుకుని ఉన్నాడు. చేతిలో కాయితం ఉంది. ముఖంలో నెత్తురు లేదు.

"రాళ్ళపేట పద్ధతిని తక్కిన బంకులకు కూడా వర్తింపజేస్తారంట అన్నా" అన్నాడు. "ముందు నాదేనంట. ఉగాది లోపల రాకలు చూపించాలంట. ఆఫీసులో సంఘం కూర్చుంది. రోడ్లోళ్ళు, నీళ్ళోళ్ళు, దోమల మందోళ్ళు, అందర్నీ పిలిచారు."

దస్తగిరి తాడు పట్టుకుని నిలబడిపోయాడు.

"నీకంటే ఆ అయస్కాంతం ఉంది" అన్నాడు ఏసురత్నం. "నా పనికి అట్లాంటిదేమన్నా దొరుకుద్దా అన్నా?"